తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?



ఇది కొంచెం పొడుగు పోస్టు. పరీక్షలున్నోళ్ళు తర్వాత చదువుకోండి, కానీ చదవండి. హాస్టల్‌లో ఉండేటోళ్ళు, చెల్లెనో తమ్ముణ్ణో ఆశ్రమ పాఠశాలలో చేర్పించినోళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

నేను మదీనాగూడలో ఉంటున్న. తెలియనోళ్ళకు చెప్తున్న, ముంబై హైవే మీద మియాపూర్ మెట్రో దాటి చందానగర్ వైపు పోతుంటే వస్తది. రోడ్డు మీద అంతా షాపింగ్ మాళ్ళు, బిర్యానీ హోటళ్ళు, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు. లోపలి గల్లీలల్లకు పోతే మా అసోంటోళ్ళ హాస్టళ్ళు. నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్ల కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. మాది ములుగు జిల్లా, గోదావరి దిక్కు. హాస్టల్ పేరు, ఎవరు నడుపుతరు అన్నది రాయను. ఎందుకంటే ఇది ఒక్క హాస్టల్ ముచ్చట కాదు. చదివినోళ్ళల్ల సగం మంది "ఇది మా హాస్టలే" అనుకుంటరని నాకు తెలుసు.

మొన్న ఆగస్టులో జరిగింది. మాది నాలుగంతస్తుల అద్దె బిల్డింగ్. ఇండ్ల కోసం కట్టిన బిల్డింగ్‌ని మంచాలు వేసి హాస్టల్ చేసిన్రు. మెట్లు ఒక్కటే. ఆ మెట్ల కిందనే కరెంటు మీటర్లు, వాటి ముందట రెండు స్కూటీలు, పాత పరుపులు, ఖాళీ వాటర్ టిన్నులు. రాత్రి తొమ్మిదిన్నరకు కింద షట్టర్ గేటుకు తాళం పడుతది. పైన డాబా తలుపుకు ఎప్పుడూ తాళమే. ఎవరో అక్క డాబా మీద ఫోన్ మాట్లాడిందని నేను రాకముందే వేసిన్రంట. ఆ అక్క డిగ్రీ అయిపోయి పోయింది, తాళం ఉండిపోయింది.

రాత్రి రెండు దాటినంక వైరు కాలిన వాసన వచ్చింది. నేను రెండో అంతస్తు. మొదలు ఎవరో ఇస్త్రీ పెట్టె మర్చిపోయిన్రనుకున్న. ఇంతలో కరెంటు పోయింది, కింది నుంచి కేకలు. తలుపు తీస్తే మెట్ల మీద పొగ. నల్లగ, చేత్తో పట్టుకోవచ్చు అన్నంత చిక్కగ ఉంది. కిందికి దిగినోళ్ళు దగ్గుకుంట వెనక్కి వస్తున్రు, పై అంతస్తుల వాళ్ళు కిందికి దిగుతున్రు, మధ్యల మేం. పైకి ఉరికిన నలుగురైదుగురు డాబా తలుపు తన్ని తన్ని మళ్ళీ కిందికి వచ్చిన్రు. వార్డెన్ మేడం ఆ రాత్రి ఇంటికి పోయింది. గేటు చెవి వాచ్‌మన్ తాత దగ్గర ఉంది. డాబా చెవి ఎవరి దగ్గర ఉందో తాతకు కూడా తెల్వదు.

ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఇంకా ఇద్దరు ఆటో అన్నలు పక్కన ఇల్లు కడుతున్న దగ్గరి నుంచి ఇసుక తట్టలతో తెచ్చి పోసిన్రు. ఒకాయన మెయిన్ ఆపిండు. అంతే, ఇరవై నిమిషాలల్ల అయిపోయింది. మీటరు బోర్డు, ఒక స్కూటీ సీటు, పరుపులు కాలినయి. ఎవరికీ ఏం కాలేదు. ఒక చెల్లెకు ఆయాసం ఉంటే దవాఖానకు తీస్కపోయిన్రు, తెల్లారి వచ్చింది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలె. దీన్ని రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించిన.

కింద గేటు తీసినంక, మొహానికి చున్నీ కట్టుకుని అందరూ దిగుతున్నరు. నేను మొదటి అంతస్తు దాక దిగి వెనక్కి పోయిన. ఆ పొగలనే పైకెక్కి, నా రూంకి పోయి, మంచం కింది ట్రంకు పెట్టె తీసి, ఫైలు పట్టుకుని మళ్ళీ దిగిన. ఫైల్లో ఏమున్నయో మీకు చెప్పాల్నా? కులం సర్టిఫికెట్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్, నాయన ఆదాయం సర్టిఫికెట్. ఆ కులం సర్టిఫికెట్ కోసం మా నాయన మండలాఫీసు చుట్టూ కూలి వదులుకుని ఎన్నిసార్లు తిరిగిండో నేను చూసిన. ఆ క్షణంల నాకు ప్రాణం కంటే అది పెద్దగ అనిపించింది. నిజం చెప్తున్న, భయం కూడా కాలేదు. భయం తెల్లారినంక అయింది, పళ్ళు తోముకుంటుంటే నల్లగ ఉమ్మి వచ్చినప్పుడు.

మీరు నా లెక్క చేయకండి. మెమో పోతే బోర్డు డూప్లికేట్ ఇస్తది. టైమ్ పడుతది, పైసలు అయితయి, తిరుగుడు అయితది, కానీ ఇస్తది. అన్నీ స్కాన్ చేసి డిజీలాకర్‌ల, మెయిల్‌ల పెట్టుకోండి. ఒక జిరాక్సు సెట్టు ఇంటికాడ దూలం మీద పెట్టండి. ఇది ఎవరన్నా నాకు ముందే చెప్పి ఉంటే నేను వెనక్కి పోకపోదును.

పొగ గురించి ఆ తర్వాత చదువుకున్న. మంటల కంటే ముందు పొగే చంపుతది. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సుల 2023 మార్చి 16న మంటలు లేచినప్పుడు ఆరుగురు పోయిన్రు. అందరూ ఇరవైలల్ల ఉన్నోళ్ళు, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం దిక్కు నుంచి కొలువు కోసం వచ్చిన పిల్లలు. ఊపిరాడకనే పోయిన్రు. వేడి పొగ పైకి పోతది, నేల దగ్గర కొంచెం మంచి గాలి ఉంటది. అందుకే వంగి, అవసరమైతే పాకి పోవాలె. మేం ఆ రాత్రి అందరం నిలబడి ఉరికినం. మెట్లు పొగతో నిండిపోయి దిగే తోవ లేకుంటే రూంలకే పోయి, తలుపు మూసి, కింది సందుల తడి బట్ట కుక్కి, కిటికీ కాడ నిలబడి కేకెయ్యాలె. మేం తలుపులన్నీ బార్లా తీసిపెట్టి పొగకు దారిచ్చినం. కరెంటు మంట మీద నీళ్ళు పోయొద్దని మాత్రం అందరికీ తెలుసు, అయినా ఒకామె బకెట్ పట్టుకొచ్చింది. పక్కామె గుంజుకున్నది.

తెల్లారి ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త బోర్డు బిగించిండు. గోడకు సున్నం వేసిన్రు. స్కూటీలు మళ్ళీ అక్కడనే. డాబా తాళం ఊడలేదు. అడిగితే, "మీ తల్లిదండ్రులకు జవాబు మేమే చెప్పాలె కదమ్మా" అన్నరు.

ఈ మాట నన్ను చాలా రోజులు పట్టుకున్నది. ఎందుకంటే అది అబద్ధం కాదు.

నన్ను ఆరో తరగతిల ఆశ్రమ పాఠశాలలో చేర్పించిన రోజు నాకు బాగ గుర్తుంది. మా అవ్వ అన్నం గురించి అడగలేదు, చదువు గురించి అడగలేదు. "రాత్రి తాళం ఏస్తరా సారూ?" అని అడిగింది. వేస్తమన్నంకనే నా చెయ్యి ఇడిసింది. ఆడపిల్లను కన్నోళ్ళకు ఆ తాళమే ధైర్యం. నాక్కూడా ధైర్యంగనే ఉండేది. రాత్రి గొలుసు సప్పుడు వింటెనే నిద్ర వచ్చేది. ఇప్పుడు నా చెల్లె అదే బడిల ఎనిమిదో తరగతి చదువుతుంది, అదే హాల్‌ల పండుకుంటది.

నెట్‌ల వెతుకుతుంటే మహ్‌దియా అనే ఊరి గురించి చదివిన. దక్షిణ అమెరికాల గయానా దేశం, అడవి నడుమ బంగారు గనుల ఊరు. అక్కడ హైస్కూల్‌కి ఒక గర్ల్స్ హాస్టల్. ఎక్కువ మంది మనలెక్కనే ఆదివాసీ పిల్లలు. వాళ్ళ ఊళ్ళల్ల హైస్కూల్ లేక, చదువు కోసం వచ్చి ఉన్నోళ్ళు. 2023 మే 21 రాత్రి మంటలు అంటుకున్నయి. కిటికీలకు ఇనుప గ్రిల్స్, తలుపులకు తాళాలు. పిల్లల భద్రత కోసమే వేసిన తాళాలు. చూసుకునే ఆమె కంగారుల చెవులు వెతుక్కోలేకపోయింది. ఫైరు వాళ్ళు గోడకు రంధ్రం కొట్టి కొంతమందిని బయటికి గుంజిన్రు. 20 మంది పోయిన్రు. అందుల ఆ చూసుకునే ఆమె ఐదేండ్ల కొడుకు కూడా ఉన్నడు.

ఫోన్ గుంజుకున్నరన్న కోపంతో ఒక విద్యార్థినే నిప్పు పెట్టిందని అక్కడి అధికారులు చెప్పిన్రు. ఆ పిల్ల గురించి నేనేం అనను. ఫోన్లు డబ్బాల వేసి తాళం పెట్టే హాస్టళ్ళు మనకూ ఉన్నయి, ఆ కోపం ఎట్లుంటదో మనకూ తెలుసు. నిప్పు ఎట్ల పుట్టినా, తలుపు తెరుచుకుని ఉంటే అంత మంది పోయేటోళ్ళు కాదు. కెన్యాల క్యాంగులి అనే బడిల కూడా 2001 మార్చిల ఇట్లనే అయింది, మగపిల్లల హాస్టల్, 67 మంది. ఒక తలుపుకు తాళం, కిటికీలకు కమ్మీలు.

మన దేశంల అందరికీ గుర్తుండేది కుంభకోణం. 2004 జూలై 16, తమిళనాడు. బడి వంటింటి నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది చిన్న పిల్లలు కాలిపోయిన్రు. ఆ కేసు మీదనే 2009 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రతి బడిల మంటలార్పే పరికరాలు ఉండాలె, టీచర్లకు వాడటం రావాలె, భద్రత లేని బిల్డింగ్‌ల బడికి అనుమతి ఇవ్వొద్దు అని. 2016ల జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడుల భద్రత మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రతి బడికి సొంత ప్రణాళిక ఉండాలె, మాక్ డ్రిల్స్ చేయాలె అని అందుల ఉంది. అదే ఏడాది వచ్చిన నేషనల్ బిల్డింగ్ కోడ్‌ల ఇంకో మాట ఉంది, అది నాకు మస్తు నచ్చింది: బయటికి పోయే తలుపు లోపలి నుంచి తాళం చెవి లేకుండ తెరుచుకోవాలె. అంటే మా అవ్వ అడిగిన తాళానికి, ప్రాణానికి పోటీ లేదు. బయటోడు రాకుండ, లోపలోళ్ళు పోగలిగేటట్లు గడియ పెట్టొచ్చు. కిటికీ గ్రిల్‌ల ఒక రెక్కను తలుపు లెక్క చేసి లోపలి గడియ పెట్టొచ్చు. ఊళ్ళె వెల్డింగ్ షాపు అన్న ఒక్క పూటల చేసే పని అది.

మా పెద్దనాన్న కొడుకు, మా అన్న, మాదాపూర్‌ల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీల సెక్యూరిటీ గార్డు. ఇవన్నీ చెప్తే నవ్విండు. "మా దగ్గర ఆర్నెల్లకోసారి సైరన్ కొడతరు. సార్లు మేడంలు కాఫీ కప్పులు పట్టుకుని విసుక్కుంట మెట్లు దిగి వస్తరు. లిఫ్ట్ ఎక్కనియ్యం. ఒక్కో అంతస్తుకు ఒకరు లెక్క పెడతరు. ఆకుపచ్చ బోర్డు కాడ అందరూ నిలబడాలె" అన్నడు. మరి నువ్వుండే రూంల అని అడిగిన. హఫీజ్‌పేట్‌ల రేకుల రూం, ఆరుగురు, ఒకటే తలుపు, తలుపు పక్కనే గ్యాస్ సిలిండర్. జవాబు చెప్పకుండ ఫోన్ చూసుకున్నడు. ఇంటికి పోయినంక సిలిండర్‌ను కిటికీ దిక్కు జరిపి ఫోటో పంపిండు.

ఆ ఆకుపచ్చ బోర్డు, అసెంబ్లీ పాయింట్ అంటే నాకు మేడారం గుర్తొచ్చింది. జాతరకు పోయినప్పుడల్లా బండి దిగంగనే మా నాయన చేసే మొదటి పని అదే. "తప్పిపోతే జంపన్నవాగు కాడికి రావాలె, ఇగో ఈ చెట్టు కిందికి. వెతకొద్దు, ఈడికే రావాలె" అంటడు. అన్ని లక్షల మందిల మేం ఎవ్వరం పోలేదు. మనోళ్ళకు ఇది తెల్వని విద్యేం కాదు. బడిల ఎవరూ అడగలేదు, అంతే.

అట్లని ఆపద అంటే నిప్పు ఒక్కటే అనుకోవద్దు. మా దిక్కు నిప్పు కంటే నీళ్ళు ఎక్కువ. 2023 జూలై ఆఖరుకు మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకే జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచింది. 2022 జూలైల భద్రాచలం కాడ గోదావరి 71.3 అడుగులు వచ్చింది. అసోంటప్పుడు ఊరోళ్ళందరినీ బడికే తెస్తరు. బియ్యం, మంచినీళ్ళు, లాంతర్లు ఏవీ ముందు ఉండవు, అన్నీ అప్పటికప్పుడు. బడి ఏ వాగు దాటినంక ఉందో, వాగు వస్తే పిల్లలను ఏ దారి గుండా గట్టు మీదికి తీస్కపోవాలెనో రాసి పెట్టుకున్న బడి నేనైతే చూడలేదు.

ఇంకా అన్నం. కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో 2024 అక్టోబర్ 30న తిన్నది పడక పదుల మంది ఆడపిల్లలు ఆస్పత్రి పాలైన్రు. ఒక తొమ్మిదో తరగతి చెల్లె హైదరాబాద్ నిమ్స్‌ల వారాల తరబడి కొట్లాడి నవంబర్ 25న పోయింది. ఆ వార్త చదివిన రోజు మా హాస్టల్‌ల ఎవ్వరం అన్నం తినలేదు. తినక ఏం చేస్తం, తెల్లారి తిన్నం. మొదటి పిల్లకు వాంతి అయినప్పుడే ఎవరికి చెప్పాలె, ఏ బండిల తీస్కపోవాలె అన్నది గోడ మీద రాసి ఉండాలెనని నాకు అప్పటి నుంచి అనిపిస్తది. పాము కాటు కూడా అంతే. కాటు కాడ కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగ కట్టొద్దు, పిల్లను నడిపించొద్దు, మోసుకుని పోవాలె. ఇవి చాలామందికి తెలుసు. పాము కాటు మందు ఏ దవాఖానల ఉందో, రాత్రి అక్కడ డాక్టర్ ఉంటడో లేదో మాత్రం ఎక్కువ మందికి తెల్వదు. అది ముందే కనుక్కోవాలె. 108కి ఫోన్ చెయ్యాలంటే సిగ్నల్ ఎక్కడ వస్తదో కూడా. నవ్వకండి, మా బడిల నీళ్ళ ట్యాంకు ఎక్కితేనే సిగ్నల్.

మొన్న ఆదివారం చెల్లెను చూడటానికి అవ్వతోని బడికి పోయిన. చెల్లె వాళ్ళు పండుకునే హాల్ చూసిన. రెండు తలుపులున్నయి. రెండో తలుపు ముందట నడుం ఎత్తు దాక ట్రంకు పెట్టెలు, వాటి మీద పరుపులు. తలుపు ఉందని చెల్లెకు కూడా తెల్వదు, గోడ అనుకున్నదంట. మంటలార్పే సిలిండర్ ఆఫీసు రూంల బీరువా వెనకాల ఉంది. దాని మీటరు ముల్లు ఆకుపచ్చల లేదు, ఎర్రల ఉంది. అంటే లోపల ఒత్తిడి లేదు, పని చెయ్యదు.

అక్కడి మేడంను మంచిగనే అడిగిన. ఆమె కూడా మంచిగనే చెప్పింది. "తాళం వెయ్యకుంటే మీ ఊరోళ్ళే నా మీదికి వస్తరు. ఒక్క పిల్ల గోడ దూకితే నా నౌకరి పోతది. మంటలు వస్తయో రావో." ఆమె బాధ ఆమెది. ఒక్కతే ఇంత మందిని చూసుకోవాలె, రాత్రి కూడా నిద్ర లేదు. నేను ఆమెను తప్పు పట్టలేను.

బయటికి వచ్చినంక అవ్వ నా మీద కోపం చేసింది. "నువ్వు పట్నం పోయి తాళం వద్దంటున్నవ్. ఎవడన్నా వస్తే?" అన్నది. నేను గయానా సంగతి చెప్పిన. వినలేదు. నా హాస్టల్ సంగతి అప్పటిదాక ఇంట్ల చెప్పలేదు, చదువు మానిపిస్తరని భయం. అప్పుడు చెప్పిన. ఫైలు కోసం వెనక్కి పోయింది కూడా చెప్పిన. అవ్వ బస్‌స్టాండ్ దాక ఏం మాట్లాడలేదు.

బస్సు కోసం కూసున్నప్పుడు తనే అన్నది: "మేకల దొడ్డికి మనం తాళం ఏస్తమా? తాడే కడతం. చీకట్ల గూడ ఒక్క గుంజుకు ఊడేటట్టు ముడి ఏస్తడు మీ నాయన. చిరుత వచ్చినా, నిప్పు వచ్చినా ఇప్పాలె గదా." తర్వాత కొంచెం సేపు ఆగి, "పోయి మేడంకు నేనే చెప్తా, తాళం కాదు గడియ పెట్టుమని. నేను చెప్తే ఆమెకు భయం ఉండదు" అన్నది. వచ్చే నెల తల్లిదండ్రుల మీటింగ్‌ల ఇంకో నలుగురు అవ్వలను తోలుకొని పోతదంట. మాటలు నేను రాసిస్త, చదవరాదు కాబట్టి నోటికి చెప్పించుకుంటది.

మదీనాగూడ సంగతి: డాబా తాళం అట్లనే ఉంది. కానీ మేం పదకొండు మందిమి సంతకాలు పెట్టి కాయితం ఇచ్చినంక, దాని చెవి ఇప్పుడు మూడో అంతస్తుల నీళ్ళ ఫిల్టర్ పక్కన మేకుకు ఎర్ర దారంతోని వేలాడుతుంది. పదిహేను రోజులైంది, డాబా మీదికి ఎవ్వరూ ఫోన్ మాట్లాడటానికి పోలేదు. స్కూటీలు ఇంకా మెట్ల కిందనే ఉన్నయి. ఆ కొట్లాట నడుస్తుంది.

నిన్న సాయంత్రం చెల్లె బడి ఫోన్ నుంచి చేసింది. మేడం ఒప్పుకున్నదంట, ట్రంకు పెట్టెలు జరిపిన్రంట. పీఈటీ సార్ విజిల్ వేస్తే అందరూ రెండు తలుపుల నుంచి వంగి బయటికి వచ్చి చింతచెట్టు కింద నిలబడిన్రంట. "ఎంతసేపు పట్టింది?" అన్న. "నాలుగు నిమిషాలక్కా. కానీ లెక్కల ఒకామె తక్కువొచ్చింది. అందరం ఏడుపు మొహాలు పెట్టినం. చూస్తే బాత్రూంల ఉంది, విజిల్ వినపడలేదట." వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తరంట. ఈసారి విజిల్ కాదు, బడి గంట కొడతరంట.